మాస్టారి బ్రిటనీ, మా నాయన కత్తి

మా నాయన మీరా సాహెబ్ నరసరావుపేటలో పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. ఒక్క అక్షరం చదవలేడు గానీ, పుస్తకం చేతికిస్తే కుట్టు ఎక్కడ వదులైందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి ఆయన అతికిన అట్టకు పురుగు పట్టిందని ఎవరూ అనలేదు. ఆయన గర్వమంతా అంచుల్లో ఉండేది. కుట్టిన పుస్తకాన్ని చెక్కల మధ్య బిగించి, మూడు పక్కలా కత్తితో కోసి, అంచు మీద వేలు రాసి "చూడు, వెన్న" అనేవాడు. అంత మంచి పనివాడికి నేను ద్రోహం చేశాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

1943, శివరాత్రి ముందురోజు. హైస్కూల్లో హిస్టరీ చెప్పి రిటైరైన దేవానందం మాస్టారు ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. ఫ్రాన్సులో బ్రిటనీ అనే సీమ చరిత్ర, దాన్ని ఏలిన డ్యూకుల కథ. ఇరవై ఏళ్లుగా ఆయన దాని మార్జిన్ల నిండా పెన్సిలుతో తెలుగులో రాసుకున్నారు. అదంతా ఒక పుస్తకంగా వేయాలని ఆయన ఆశ.

"బిడ్డల్లేకుండా పోయిన డ్యూకు గద్దె కోసం తమ్ముడి కూతురూ, సవతి తమ్ముడూ తగువుపడ్డారే. ఇరవై మూడేళ్లు యుద్ధం! మన పల్నాడోళ్లకి చెప్తే ఇంటి కథలాగే ఉంటది" అన్నారు నవ్వుతూ.

నాయన మసీదుకు వెళ్లి ఉన్నాడు. "సాబిరా, అంచులు కొయ్యొద్దని మీ నాయనకు చెప్పు. రాతంతా అంచుల్లోనే ఉంది. మర్చిపోబాక."

"అట్నే మాస్టారూ" అన్నాను. అంతలో కోటప్పకొండ తిరునాళ్లకు పోయే ఇంటెత్తు ప్రభ డప్పులతో మా వీధిలోకి వచ్చింది. పన్నెండేళ్ల దాన్ని, ప్రభ ముందు బ్రిటనీ ఏపాటి? పుస్తకం బల్ల మీద పడేసి పరుగెత్తాను. మాట కూడా అక్కడే పడేశాను.

వారం తర్వాత మాస్టారు వచ్చారు. నాయన కొత్త అట్ట వేసిన పుస్తకాన్ని రెండు చేతులా అందించి "వెన్న" అన్నాడు. మాస్టారు తెరిచారు. ప్రతి పుటలోనూ తెలుగు వరుసలు సగంలో తెగి ఉన్నాయి. ఆయన అరిచి ఉంటే బాగుండేది.

"కొయ్యొద్దని చెప్పి పోయానే, సాహెబ్" అన్నారు, అంతే.

నాయన నా వంక తిరిగాడు. "నాకు చెప్పావా అమ్మా?"

"చెప్పా నాయనా. నువ్వు జిగురు కలుపుతుండావు. ఊఁ అన్నావు."

అంత నున్నగా అబద్ధం నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. నాయన ముఖం వాడిపోయింది. మాస్టారి చేతులు పట్టుకుని "నేనే మరిచినట్టుండా. తప్పైపోయింది" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రోజే కత్తిరింపుల గోతాం బోర్లించాడు. సగం అప్పటికే పొయ్యిలో పోయింది. మిగిలిన పేలికలు నేను చదివి ఏ పుటవో చెప్పాలి, ఆయన అతకాలి. రెండు నెలల మధ్యాహ్నాలు అదే పని. ఒక రోజు డ్యూకు చావు దగ్గరికొచ్చాం. మరణశయ్య మీద వారసుడెవరని అడిగితే, నన్ను విసిగించకండి అన్నాడట. కింద మాస్టారి రాత: 'ఆ ఒక్క మాట' అని పుట మీద ఉంది. 'చెప్పి ఉంటే' అని నా చేతిలోని పేలిక మీద ఉంది.

"చూడమ్మా, ఒక్క మాటకి ఎంత పనైందో" అన్నాడు నాయన.

పేలిక బల్ల మీద పెట్టాను. "నాయనా" అన్నాను.

"ఏందమ్మా?"

"జిగురు ఆరిపోతంది."

అతుకుల పుస్తకాన్ని మాస్టారు తీసుకున్నారు. కానీ అప్పటికే చూపు మందగించింది, పోయిన సగాన్ని మళ్లీ రాయలేకపోయారు. తెలుగు బ్రిటనీ అచ్చు కాలేదు.

నాయన మాత్రం తనకు మతిమరుపు వచ్చిందని నమ్మేశాడు. ఎవరు పని చెప్పినా వేలికి దారం కట్టుకునేవాడు. అంచు కోసే ముందు మూడుసార్లు అడిగి విసిగిస్తుంటే, జనం పుస్తకాలు వేరేవాళ్లకు ఇవ్వసాగారు. నిజానికి ఆయన ఏ ఒక్కటీ మరిచిన మనిషి కాదు.

1949లో మంచం పట్టాడు. చివరిరోజు నా చెయ్యి పట్టుకుని "నేను మరిచిన దానికి మాస్టారు క్షమించారంటావా?" అని అడిగాడు. ఆయన వేలికి దారం ఉంది.

"క్షమించారు నాయనా" అన్నాను. నువ్వు మరవలేదని మాత్రం అప్పుడు కూడా అనలేదు.