తలకట్లు లేని కాగితం

శ్రీపతికి పెళ్లి కాకపోవడానికి కారణం గుడి. దేవుడి గుడి కాదు, అక్షరం మీద పెట్టే గుడి. ముప్పై మూడేళ్ల కింద బర్కత్‌పుర నుంచి ఒక సంబంధం వస్తే, పిల్ల చేతిరాత పంపించమని కబురు పెట్టాడు. ఆ పిల్ల పాపం సిగ్గుపడుతూనే రెండు పేజీలు రాసి పంపింది. ఈయనగారు భూతద్దం పెట్టి చూసి, గుడులన్నీ బిగించి రాసింది, మొండిఘటం అని తేల్చేశాడు. తర్వాత ఇంకో రెండు సంబంధాలూ అట్లాగే పోయాయి. ఒకామె కొమ్ములు మరీ పొడుగట, ఇంకొకామె ఒత్తులు వాలిపోయాయట. నాలుగోది తెచ్చే ధైర్యం చుట్టాల్లో ఎవరూ చెయ్యలేదు.

ఇప్పుడాయనకు అరవై రెండు. అశోక్ నగర్‌లో రెండో అంతస్తులో ఒక గది, అందులో ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనే అవసరం ఇంతవరకు రాలేదు. కింద వీధి నిండా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. చంకలో పుస్తకాలు, చేతిలో టీ గ్లాసు, నోట్లో ఏదో రాజ్యాంగ సవరణ నంబరు. వాళ్ల మధ్యలోంచి ఈయన రోజూ నడిచి వెళ్తాడు. తల ఎత్తి చూసేవాడు ఉండడు. ఒంటరితనం ఆయనకు అలవాటైపోయిందని అనుకునేరు. అలవాటు కాలేదు, బయటికి చెప్పుకోవడానికి మనిషి లేడు, అంతే.

చేసే పని మాత్రం చిత్రమైనది. నారాయణగూడలో ఒక కాలేజీలో గుమాస్తాగా ఉన్నప్పుడు వేలకొద్దీ జవాబు పత్రాలు చూసి చూసి, రాతను బట్టి మనిషిని చెప్పగలనన్న నమ్మకం పట్టుకుంది. పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదివాడు కూడా. అవన్నీ ఇంగ్లీషు అక్షరాల గురించే. తెలుగు గురించి ఎవరూ ఏమీ రాయలేదు. అయితేనేం, మన శ్రీపతి సొంతంగా ఒక శాస్త్రం తయారుచేశాడు. కొమ్ము అంటే పట్టుదల, దీర్ఘం అంటే ఓపిక. అన్నిటికంటే ముఖ్యం తలకట్టు. అక్షరం మొదలుపెట్టి తలకట్టు వదిలేసినవాడు ఏ పనినైనా సగంలో వదిలేస్తాడని ఆయన సిద్ధాంతం. ఎవరు చెప్పారయ్యా నీకు అని అడిగితే, అనుభవం అనేవాడు. అడిగినవాడు నోరు మూసుకునేవాడు.

ఈ శాస్త్రాన్ని నమ్మినవాడు కరుణాకర్ ఒక్కడే. ఆయనకు ఊళ్లో తొమ్మిది సూపర్ మార్కెట్లు, నారాయణగూడలో ఆఫీసు. పనికి వచ్చినవాళ్ల చేత "మా ఊరు" అని ఒక పేజీ తెలుగులో రాయిస్తారు. పేర్లు తీసేసి, నంబర్లు వేసి ఆ కాగితాలు శ్రీపతికి పంపిస్తారు. ఆయన ఒక్కో కాగితం కింద నాలుగు లైన్లు రాసి, చివర "తీసుకోవచ్చు" అనో "వద్దు" అనో పెడతాడు. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. ఒక్కసారి "వద్దు" అన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నది లేదు.

ఇక తిండి. చిక్కడపల్లి వైపు సందులో ఒక మెస్సు ఉంది. అక్కడ వడ్డించేదీ, కూరలు తరిగేదీ, ఆరేళ్లుగా దాన్ని నడిపేదీ ఒక్కామే. మక్తల్ నుంచి మొగుడితో కూలిపనికి వచ్చింది. మొగుడు చనిపోయిన నాలుగో రోజునే మళ్లీ గరిట పట్టుకుంది. అందరూ ఆమెను అక్కా అంటారు, శ్రీపతి అమ్మా అంటాడు. "సార్, గిట్ల పిట్ట తిన్నట్టు తింటే ఎట్ల?" అని ఆమె కసిరితే ఆయన ఇంకో ముద్ద తింటాడు. రోజు మొత్తంలో ఎవరైనా ఆయన కోసమని అనే మాట అదొక్కటే. వర్షం వచ్చినా, జ్వరం వచ్చినా ఆ మాట కోసమే వెళ్లేవాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆమె మాట్లాడకుండా అన్నం పెట్టింది. శ్రీపతి ముద్ద వదిలేసినా కసరలేదు.

"ఏందమ్మా, ఒంట్ల బాగలేదా?"

"మంచిగనే ఉన్న సార్. వచ్చే నెల ఓనరోళ్లు మెస్సు బందువెడుతున్నరు. బిల్డింగు కూలగొడ్తరట. అందుకే నారాయణగూడల సూపర్ మార్కెట్ పనికి అడగవోయిన. ఒక కాగితమిచ్చి మీ ఊరి గురించి రాయమన్నరు, రాసిన. నిన్న ఫోన్ జేసి ఒద్దన్నరు."

శ్రీపతి కంచంలోంచి తలెత్తాడు. "ఎందుకొద్దన్నరు?"

"రాత జూసి మనిషిని జెప్పేటాయన ఒకడున్నడట సార్. నేను పని నడుమల ఇడిసిపెట్టి పోయేదాన్నని రాసిండట. ఆడ పనిజేసే పిల్ల జెప్పింది. వాని నోట్ల మన్నువడ, వాడు నన్నెప్పుడన్న జూసిండా? ఇగ బిడ్డను కాలేజి మాన్పిచ్చి మక్తల్ బస్సెక్కుడే."

ఆయన కంచం అట్లాగే వదిలేశాడు. చేయి కడుక్కోవడానికి లేచాడు. గుమ్మం బయట కుళాయి పక్కన గోడకు నల్లబల్ల ఉంది. దాని మీద ఆమె సుద్దముక్కతో రాసిన ఆ రోజు కూరలు. దొండకాయ, వంకాయ. 'డ' మీద తలకట్టు లేదు. 'వ' మీద లేదు. 'య' మీద అసలే లేదు. పదకొండు గంటలకు పొయ్యి మీద అన్నం పెట్టి, జనం వచ్చేలోపు ఉరుకులు పరుగుల మీద రాసేదానికి తలకట్లు ఎక్కడినుంచి వస్తాయి? ఆ ఉరుకులాటే ఆమె చేతికి అలవాటైపోయింది. ఇదే రాత పది రోజుల కింద ఆయన గదిలో, ఆయన భూతద్దం కింద ఉంది. పదిహేడో నంబరు.

ఆ ఎండలోనే నారాయణగూడ ఆఫీసుకు నడిచాడు. కరుణాకర్ మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు.

"పదిహేడో నంబర్ల నేను రాసింది తప్పు కరుణాకర్ గారు. ఆమెను తీసుకోండ్రి."

"మీకు తెలిసినామెనా?"

"ఆరేండ్ల సంది. ఆమె చేతి అన్నమే తింటున్న."

"పేరేంది?"

శ్రీపతి నోరు తెరిచాడు. పేరు రాలేదు. కరుణాకర్ తనే ఫైలు తీసి చదివాడు. "మంగ." ఆరేళ్లు తిండి పెట్టిన మనిషి పేరు ఆయనకు పరాయి ఆఫీసు ఫైల్లో తెలిసింది.

"సరే, ఆమెను పిలుస్త. గని ఒక్క ముచ్చట అడుగుత, ఏమనుకోకండ్రి." కరుణాకర్ బీరువా వైపు చెయ్యి చూపించాడు. "మీరు ఒద్దన్నోళ్ల కాగితాలు దాంట్ల మస్తున్నయి. అవి గూడ గిట్లనేనా?"

ఇదొక్కటే పొరపాటు, మిగతావన్నీ కరెక్టే అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ కాగితాలు రాసినవాళ్లంతా ఎక్కడికి పోయారో, ఏ బస్సెక్కారో అనిపించింది. బర్కత్‌పుర పిల్ల కూడా గుర్తొచ్చింది.

"తెల్వదు," అన్నాడు శ్రీపతి. పద్నాలుగేళ్లలో ఆ ఆఫీసులో ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

కరుణాకర్ చెడ్డవాడేం కాదు. మెల్లగా, ఇకమీదట కాగితాలు పంపించనులెండి అన్నాడు. శ్రీపతి సరేనని లేచి వచ్చేశాడు.

మర్నాడు మెస్సుకు వెళ్లేసరికి మంగ ముఖం వెలిగిపోతోంది. "సార్, పిలిసిండ్రు! బర్కత్‌పుర షాపుల, ఒకటో తారీకు సంది. బిడ్డ సదువు ఆగది సార్!" అని కంచం నిండా వడ్డించింది. ఇక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఆమె సంతోషంగా వెళ్లిపోయేది, ఈయన్ని మంచివాడిగానే తలచుకునేది. కానీ ఆమె వేసిన అన్నం ముందు పెట్టుకుని ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఆ రాత జూసి ఒద్దన్నది నేనే, మంగా."

మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. ఆమె గరిట చేతిలోనే పట్టుకుని నిలబడింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మీరా?" అంది. కోపం లేకుండానే అడిగింది. "ఆరేండ్ల సంది బల్ల మీద రోజు నా రాత సదివి, లోపలికొచ్చి కూసుంటుంటిరి గద సార్. కాగితం మీద నన్ను గుర్తువట్టలేదా?"

శ్రీపతి గుమ్మం దగ్గరి నల్లబల్ల వైపు చూశాడు.

"కూర ఏందో సదివిన గని," అన్నాడు, "రాసిందెవలో ఎన్నడు చూడలేదమ్మా."

ఆమె తల ఊపింది. వెనక తింటున్నవాళ్లలో ఎవరో అక్కా అని పిలిస్తే అటు వెళ్లింది.