కెప్టెన్ గారి స్నానాల గది

ఆ వీధిలో ఆయన్ని అందరూ కెప్టెన్ గారనే పిలిచేవారు. నిజానికి ఆయన ఓడ చుక్కాని వైపు తొంగి చూసిన పాపాన పోలేదు. సరుకుల ఓడలో వంటవాడు. ముప్పై ఏళ్ళు వండి వార్చి, మోకాళ్ళు మొరాయించాక పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. వీధి ఇచ్చిన బిరుదుని మాత్రం కాదనలేదు, ఊరికే వచ్చింది కదా.

ఆయన భార్య టైలరమ్మ. ముందు గదిలో మిషన్ పెట్టుకుని ఇరుగుపొరుగు వాళ్ళ బట్టలు కుట్టేది. భర్త ఏడాదికోసారి చుట్టంలా వచ్చిపోతుంటే సంసారమంతా ఆవిడ చేతి మీదుగానే నడిచింది. ఇప్పుడు ఆ మనిషి పూర్తిగా ఇంట్లోనే ఉండేసరికి సంతోషంగానూ ఉంది, కాలికీ చేతికీ అడ్డం పడుతున్నట్టుగానూ ఉంది.

పైగా ఆయనకి ఓడ అలవాట్లు పోలేదు. కదలని బల్ల మీద కూడా తడిగుడ్డ పరిచి దాని మీదే కంచం పెట్టుకునేవాడు, జారిపోతుందని. స్నానానికి వెళ్తే ఎడమ చేత్తో తువ్వాలు కడ్డీ పట్టుకుని కుడి చేత్తో నీళ్ళు పోసుకునేవాడు. ఒంటిచేత్తో సబ్బు రుద్దుకునే మనిషిని ఆవిడ ఎక్కడా చూడలేదు. ఆ పట్టుకి కడ్డీ ఇప్పటికే రెండుసార్లు గోడలోంచి ఊడొచ్చింది.

"ఇల్లు ఊగదండీ," అనేది ఆవిడ.

"నాకు తెలుసు. చేతికి తెలియట్లేదు," అనేవాడు.

ఇలా ఉండగా ఓడ కంపెనీ నుంచి ఫోనొచ్చింది. కొత్త వంటవాడు సమయానికి చెయ్యిచ్చాడట, ఒక్క ప్రయాణానికి వచ్చి పుణ్యం కట్టుకోమన్నారు. శుక్రవారం మళ్ళీ చేస్తాం, అప్పటికి ఏ సంగతో చెప్పమన్నారు. ఆయన ఫోను పెట్టేసి కూరలు తరుక్కోవడం మొదలుపెట్టాడు. వెళ్తాననలేదు, వెళ్ళననలేదు.

ఆవిడకి ఉండిపొమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట, ఇప్పుడెలా అనాలో తెలియలేదు. ఆయనకి సముద్రం మీద బెంగ పట్టుకుందని తనకు తానే తీర్మానించుకుంది. బెంగే అయితే ఆ సముద్రాన్నే ఇంటికి తెచ్చేస్తే పోలా అనుకుంది.

ఇంట్లో ఖాళీ గోడలున్నది స్నానాల గదిలోనే. అదీ ఎంత గది, ఇద్దరు నిలబడితే బకెట్టుకి చోటుండదు. ఆయన రెండు రోజులు చెల్లెలింటికి వెళ్ళగానే ఆవిడ కొంగు బిగించింది. పక్కింటి వదినని సాయం పిలిచి గోడలకి కింద సగం నీలం, పైన సగం తెలుపు వేసింది. మధ్యలో అలలు గీస్తే అవి మిషన్ కుట్టులా బుద్ధిగా వరసలో వచ్చాయి. నీలం గుడ్డ మీద తెల్ల తెరచాపలు అతికించి కర్టెన్ కుట్టింది. గుండ్రటి అద్దానికి తాడు చుట్టి ఓడ కిటికీలా తగిలించింది. సబ్బుపెట్టె నిండా గవ్వలు పోసింది, సబ్బు కిటికీ గట్టు ఎక్కింది. వదులైన కడ్డీ అందం చెడగొడుతోందని పీకేసి, ఆ కన్నాల మీద చెక్కతో చేసిన నక్షత్ర చేపని మేకు కొట్టి బిగించింది.

పక్కింటి వదిన గుమ్మంలో నిలబడి తేరిపార చూసింది. "బాగుంది గానీ వదినా, వెళ్దామా వద్దా అని ఊగుతున్న మనిషికి దగ్గరుండి దారి చూపిస్తున్నట్టుంది," అంది.

ఆవిడ కుంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కానీ రంగు అప్పటికే ఆరిపోయింది.

శుక్రవారం పొద్దున్నే కెప్టెన్ గారు వచ్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు, వెళ్ళినంత సేపు పట్టలేదు, వెనక్కి వచ్చాడు. తువ్వాలు పొడిగానే ఉంది. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బెంగ ఎక్కువైందా?" అంది ఆవిడ భయపడుతూ.

"దేని మీద?"

"సముద్రం మీద."

"సముద్రాన్ని నేనెక్కడ చూశానే? మా ఓడ వంటింటికి కిటికీ లేదు. ఇన్నేళ్ళూ ఉల్లిపాయల మొహమే చూశాను. పనయ్యి పైకొచ్చేసరికి అంతా చీకటి. అది నీలంగా ఉంటుందని నీ గోడలు చూశాకే నమ్మాను."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ పూర్తిగా రాలేదు. "మరి స్నానం చెయ్యకుండా వచ్చేశారేం?"

"పట్టుకోవడానికి ఏమీ లేదక్కడ. చేప ఉంది." తువ్వాలు అంచు నలుపుతూ అన్నాడు. "నన్ను మళ్ళీ ఓడెక్కించడానికే ఇదంతా చేశావనుకున్నాను. ప్రతిసారీ పెట్టె సర్దింది నువ్వే. ఒక్కసారైనా ఆగమన్నావా?"

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. నిజమే, ఆయన బట్టలు మడతపెట్టి, నవ్వుతూ సాగనంపేది. తను ఏడిస్తే ఆయనకి అక్కడ పని మీద మనసు నిలవదని. తలుపు వేసుకున్నాక మిషన్ చప్పుడులో ఎంత ఏడ్చిందో ఆయనకేం తెలుసు.

"ఉండిపోండి," అంది. "అడగడం చేతకాక గోడలకి రంగులేశాను."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

ఆవిడ మిషన్ దగ్గర కూర్చుంది గానీ తొక్కలేదు. చెవులు అటే ఉన్నాయి. మగ్గు మునిగింది, నీళ్ళు పడ్డాయి. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కడ్డీ కోసం తడుముకుంటున్నాడేమో, మేస్త్రీకి కబురు పెట్టాల్సిందే అనుకుంది. అంతలో సబ్బు చప్పుడు వినిపించింది. రెండు అరచేతుల మధ్య సబ్బు తిరుగుతున్న చప్పుడు, నురగ వచ్చేదాకా, తీరుబడిగా.

ముందు గదిలో ఫోను మోగింది.

"ఓడ వాళ్ళయితే రానని చెప్పు," అన్నాడు ఆయన లోపలి నుంచి. "రెండు చేతులూ సబ్బుగా ఉన్నాయి, నేను తియ్యలేను."