మా ఊరి బోరుకు తాళం పడిన రోజు

ల్యాబులో మిషను తెరమీద సీసం అంకె కనబడగానే కుర్చీలోంచి దిగ్గున లేచాను. ఆ నీళ్లు శ్రీరాంపూర్ దగ్గర మా తల్లిగారింటి ముందున్న బోరువి. సెలవులకు వెళ్లిన నా పిల్లలిద్దరూ నెల రోజులుగా అవే తాగుతున్నారు. ఆ పూట నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే మీరిక నా చేతి మంచినీళ్లు కూడా ముట్టరు.

నేను చదివే కాలేజీతో కలిపి నాలుగు కాలేజీలకు ఆ యూనివర్సిటీ ల్యాబు ఒక్కటే. నా వంతు రావడానికి మూడు వారాలు పట్టింది. నీళ్లలో లోహం నలుసంత ఉన్నా పట్టేసే మిషను అది. మా అత్తగారి చూపు కూడా దానిముందు దిగదుడుపే. అలాంటిది అబద్ధం చెబుతుందా? వెంటనే మా నాన్నకు ఫోన్ చేశాను.

"బాపూ! పిల్లలను బోరు నీళ్లు తాగనియ్యకు!"

"ఏమైందే బిడ్డా?"

"సీసం ఉంది బాపూ, మస్తుగ ఉంది!"

"గట్లనా! ఎవ్వలు కలిపిన్రే?"

బాపు కడుపులో మాట దాగదు. పది నిమిషాల్లో వాడంతా పోగై బోరుకు గొలుసు చుట్టి తాళం వేశారు. ఇంతలో మా అమ్మ బాపు చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"పెద్దోడు జర పల్చగైండే!"

"నిన్ననే జామచెట్టెక్కి దుంకిండంటివి గదనే?"

"గది నిన్న! గిప్పుడు సూస్తె పరేషానైతుంది."

నేను ఏడుపు మొదలుపెట్టాను. ల్యాబు చూసుకునే మేడమ్ వచ్చింది. "ఏడుద్దువు తియ్యి. ఉత్త నీళ్ల ట్యూబు చూసినవా?"

పోల్చి చూడడానికి శుద్ధమైన నీళ్లు పోసి పెట్టిన ట్యూబు అది. అందులో బోరు నీళ్లకంటే ఎక్కువ సీసం ఉంది!

మేడమ్ ట్యూబు ఎత్తి చూసింది. "మూతకు గీ ఎర్రటిదేంది?"

"కుంకుమ మేడమ్. మొదటిసారి గదా అని బొట్టు పెట్టిన."

"మిషన్‌కా?"

"మిషన్‌కు, ట్యూబులకు, మూతలకు. ఉత్త నీళ్ల ట్యూబుకు రెండు. అన్నిట్ల అదే ముందు గద."

"కల్తీ కుంకుమల సీసం ఉంటదని చదువుకోలేదా?"

"చదివిన మేడమ్. పరీక్షల రాసిన గూడ."

మేడమ్ తల పట్టుకుంది. చేతులు మూడుసార్లు కడిగించి, నేను ఊరి నుంచి తెచ్చిన క్యానులో మిగిలిన బోరు నీళ్లను కొత్త ట్యూబుల్లో తనే పోసింది. సీసం జాడే లేదు. అప్పుడు ఏడ్చినంత ఏడుపు నేను రెండు కాన్పుల్లోనూ ఏడవలేదు.

మళ్లీ ఫోన్ చేస్తే బాపు అన్నాడు: "తాళం తీస్త గని, ఎవ్వలు తాగుతరే? సదువుకున్న పిల్ల చెప్పిందని అందరు నమ్మిన్రు. నువ్వే వచ్చి తాగు."

తెల్లారి మొదటి బస్సుకు వెళ్లి, వాడంతా చూస్తుండగా మూడు గ్లాసులు తాగాను. ఇకమీదట ఏ మిషనుకైనా దండం గడప అవతలి నుంచే పెడతానని ఆ బోరు ముందే ఒట్టు వేశాను. పిల్లలిద్దరూ గ్లాసులు పట్టుకొని నా మొహం చూస్తున్నారు.

"తాగుర్రి బిడ్డా," అన్నాను. "నీళ్లల్ల ఏం లేదు. ఉన్నదంతా మీ అమ్మ చేతులల్లనే."