రెండో గరిటె ఎక్సెస్ అట!

ఈ సాయంత్రం మా నల్లగొండ హాస్టల్ భోజనాల గదిలో వార్డెన్ గారు ఒక మంచి ఇంగ్లీషు మాటను పాడు చేశారు.

నా పక్కన కూర్చున్న సైదులు అప్పటిదాకా కబడ్డీ ఆడి ఆకలితో వచ్చాడు. రెండోసారి పప్పు కోసం పళ్లెం చాచాడు. వంట చేసే మస్తాన్ మామ గరిటె ఎత్తగానే వార్డెన్ గారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఒక్కొక్కనికి ఒక్క గరిటె. రెండోది ఎక్సెస్!"

ఈ మధ్య నాకు డిక్షనరీ పిచ్చి పట్టింది. నోరు ఊరుకోలేదు.

"సార్, ఎక్సెస్ అంటే అవసరానికి మించింది గదా. వాని కడుపు ఇంకా నిండనే లేదు."

"ఓహో, పండితుడా! నాకే ఇంగ్లీషు నేర్పుతున్నవా? రేపు నీకు మొదటి గరిటె గూడ ఎక్సెసే, పో!"

అందరూ నవ్వారు. సైదులు నవ్వలేదు. "ఊకోరాదురా, నీ పప్పు గూడ పాయె" అని గొణిగి, ఉత్త అన్నంలో నీళ్లు పోసుకుని తిన్నాడు.

మా భోజనాలు కాగానే అదే గుండిగలోని పప్పు నాలుగు గిన్నెల క్యారియర్ నిండా వార్డెన్ గారి ఇంటికి పోయింది. దానికి ఆయన పెట్టిన పేరు "శాంపిల్". ఇంటిల్లిపాదీ రుచి చూసి మా ఆరోగ్యం కాపాడుతారు కాబోలు!

ఈ గోడపత్రిక చదివే మిత్రులారా, ఇలా రుచి చూడడాన్ని తెలుగులో ఏమంటారో కింది ఖాళీలో రాయండి. రేపు నాకు పప్పు లేదు కనుక, మీరు రాసిన మాటలే అన్నంలో నంజుకుంటాను.