మైనర్ రిపేరు వరాహనరసింహం

వరాహనరసింహంగారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు రాసిన పాటైనా, ఎవరు పాడుతున్న పద్యమైనా, అందులో చెయ్యి పెట్టకుండా ఉండలేరు. పెళ్ళిలో ముత్తైదువలు మంగళహారతి పాడుతుంటే, హారతిపళ్ళెం ఇంకా తిరుగుతుండగానే, "రెండో చరణంలో ఆ మాట బరువైపోయిందమ్మా, తీసేసి చూడండి" అనేవారు. మనవణ్ణి ఒళ్ళో వేసుకుని జోలపాట పాడుతూ మాటలు మార్చేస్తుంటే, తరవాతేం వస్తుందోనని పిల్లాడు నిద్ర మానేసి వినేవాడు. ఆఖరికి వాళ్ళావిడ బాలాంబగారు ఉయ్యాల దగ్గరకి ఆయన్ని రానివ్వడం మానేశారు.

మనిషి కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమస్తా. కుర్చీలో ఉన్నా కాళ్ళు ఎక్కడికో నడుస్తూనే ఉండేవి. ఇలాంటాయన చేతికి ఆ ఊళ్ళోనే పూరీ గేట్ పేటలో ఉన్న మా తెలుగువాళ్ళ నాటక సమాజం చిక్కింది. మేం ఏటా ఆడేది ఒకటే పౌరాణిక నాటకం. సమాజం పెట్టిన పాత హెడ్మాస్టరుగారు రాసింది. ఆయన ఫోటో దండతో సహా హాల్లో ఉండేది. వరాహనరసింహంగారు చెప్పులు విడిచి, ఆ ఫోటోకి దణ్ణం పెట్టుకుని, ఆయన పద్యాన్నే విరగ్గొట్టేవారు. కరపత్రంలో మీ పేరు కూడా వేస్తామంటే మాత్రం దెబ్బలాటకొచ్చేవారు.

నేను రైల్వే తెలుగు స్కూల్లో టీచర్ని, నాటకంలో మహారాణిని. ముఖానికి రంగు పూసుకుంటుంటే వచ్చి పక్కన నిలబడేవారు.

"అనసూయమ్మా, నీ శోకపద్యంలో మూడో పాదం మార్చినాను."

"తెర లేవబోతోందండీ! ఇప్పుడు మారిస్తే నేనేం పాడను?"

"మైనర్ రిపేరమ్మా. పాడేటప్పుడు అదే వస్తాది."

అదే వచ్చేది కాదు. పాత పాదం సగం, కొత్త పాదం సగం పాడి, మిగతాది ఏడ్చేసేదాన్ని. నా ఏడుపు ఎంత సహజంగా ఉందో అని జనం మెచ్చుకునేవారు.

అందరికంటే ఎక్కువ రిపేర్లు మా మహారాజుకి జరిగేవి. మహారాజంటే వర్క్‌షాపు ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసే నూకయ్య. కిరీటం పెడితే మేమందరం నిజంగానే లేచి నిలబడేవాళ్ళం. అతని యుద్ధపద్యం కోసమే చుట్టుపక్కల సాలువా నుంచి, హిజ్లీ నుంచి కూడా తెలుగువాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేవారు. పద్యం మధ్యలో ఆగకుండా పాడి, ఆఖర్న రాగం లాగితేనే మా వాళ్ళకి మహారాజు. అలాంటి పద్యాన్ని ఈయన ఏడాదికో చోట విరిచి మధ్యలో మాటలు పెట్టారు. ఓసారి మంత్రి ఏదో అడుగుతాడు. మరోసారి నేను అడ్డొచ్చి కాళ్ళ మీద పడతాను. నూకయ్య మాత్రం, "బాబుగోరు ఎలాగంటే అలాగే" అనేవాడు.

ఎనభై ఏడులో సమాజం స్వర్ణోత్సవం వచ్చింది. సెక్రటరీ త్యాగరాజుగారు మీటింగులో బల్ల గుద్దారు.

"ఈసారి మూలంలో ఉన్నది ఉన్నట్టు ఆడాలి. అక్షరం మారడానికి వీల్లేదు. అలా పాడలేనివాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి, విజయనగరం నుంచి ఆర్టిస్టుని పిలిపిద్దాం."

నూకయ్య తల వంచుకుని కండువాతో చేతులు తుడుచుకుంటున్నాడు. వరాహనరసింహంగారు లేచారు, కూర్చున్నారు, మళ్ళీ లేచారు.

"అన్నీ ఒగ్గేస్తాను. ఆ యుద్ధపద్యం ఒక్కటీ నాకు ఉంచండి."

"అదొక్కటీ అసలు ముట్టుకోకూడదు!" అన్నారు త్యాగరాజుగారు. ముందుజాగ్రత్తగా నాటకం రోజున ఆయన్ని స్టేజీ దరిదాపులకి రాకుండా గేటు దగ్గర టికెట్లు చింపడానికి వేశారు.

హాలు కిటకిటలాడిపోయింది. నా శోకపద్యం ఉన్నది ఉన్నట్టు పాడాను. ఒక్క కన్నీటి బొట్టు రాలేదు, చప్పట్లూ పడలేదు. తరవాత యుద్ధపద్యం. నూకయ్య అందుకున్నాడు. మొదటి పాదం మహారాజులాగే సాగింది. రెండో పాదం మొదట్లో గొంతు ఆగిపోయింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది. నగల కింద అతని ఛాతీ కొట్టుకుంటోంది, ఊపిరి అందడం లేదు. హార్మోనియం ఒక్కటే మోగుతోంది. ముందు వరసలో త్యాగరాజుగారు మెడ చాచారు.

అప్పుడు హాలు వెనకనుంచి పరుగు వినిపించింది. పాంటు, బుష్‌షర్టు, చేతిలో టికెట్ల కట్ట. వస్తూ వస్తూ భటుడి చేతిలో బల్లెం లాక్కుని, వరాహనరసింహంగారు స్టేజీ మీద మోకరిల్లారు.

"మహాప్రభో! కోటగుమ్మం కాడ శత్రువులు వచ్చినారు!"

నూకయ్య ఊపిరి పీల్చుకుని రెండో పాదం పాడేశాడు. ద్వారపాలకుడు వెళ్ళిపోయి, వెంటనే తిరిగొచ్చాడు.

"ప్రభో! మళ్ళీ వచ్చినారు!"

మూడో పాదం అయింది. ఈసారి జనమే గుమ్మం వైపు చూసి, "వచ్చినారు, వచ్చినారు!" అని అరిచారు. ఆ నవ్వుల్లో కావలసినంత గాలి తీసుకుని, నూకయ్య ఆఖరి పాదం పాడి రాగం లాగాడు. హాలంతా "వన్స్ మోర్!" అని ఊగిపోయింది. ద్వారపాలకుడు బల్లెం అడ్డంపెట్టి గర్జించాడు.

"వన్స్ మోర్ లేదు! మహారాజుగారికి యుద్ధానికి టైమైపోతోంది!"

తెర పడగానే త్యాగరాజుగారు లోపలికి దూసుకొచ్చారు.

"ఈ ద్వారపాలకుడు మూలంలో ఉన్నాడాండీ?"

"లేడు. ఇకమీద ఉంటాడు."

నూకయ్య బెంచీ మీద కూలబడి దగ్గుతున్నాడు. "బాబునేటనకండి. ఫౌండ్రీ పొగకి నా ఊపిరి ఎప్పుడో సన్నగిల్లిపోనాది. నాను ఎవరికీ సెప్పనేదు. బాబుగోరే కనిపెట్టి పద్యంలో సందులెట్టినారు. నా ఒక్కడి పద్యమే మారిస్తే జనానికి తెలిసిపోతాదని అందరివీ మార్చినారు."

నూకయ్యకి మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఆ వెంటనే నాకు ఒళ్ళు మండింది.

"అంటే ఇన్నేళ్ళూ నా శోకపద్యాన్ని ఊరికే చిందరవందర చేశారా?"

"లేదమ్మా," అన్నారు వరాహనరసింహంగారు బల్లెం మీద వాలి. "నీది నిజంగానే బాగోదు."

త్యాగరాజుగారు దగ్గుతున్న నూకయ్య నెత్తిమీంచి కిరీటం తీసి పక్కన పెట్టారు. "అయితే బుష్‌షర్టు పనికిరాదు. వచ్చే ఏడు ద్వారపాలకుడికి పంచె కట్టించండి," అనేసి వెళ్ళిపోయారు.

మరుసటి ఏడు తెర లేచే ముందు కిరీటంతో సహా నూకయ్యే మైకు అందుకున్నాడు.

"ఈ పద్యాలు రాసినోరు మన హెడ్మాస్టరుగోరు. ఇన్నాళ్ళూ పేరెట్టుకోకుండా వాటిని రిపేరు సేసినోరు మా వరాహనరసింహం బాబుగోరు!"

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. తెర పక్కనుంచి పంచె సర్దుకుంటూ ఒక తల బయటికి వచ్చింది. గుసగుసే అనుకున్నారుగానీ మైకులో అందరికీ వినపడింది.

"'రిపేరు' కాదు నూకయ్యా, 'మైనర్ రిపేరు' అను!"