మా ఇంటి అడుగు

చిక్కబళ్ళాపురం జిల్లా అయిన కొత్తలో ఒకనాడు నా ఎడమకాలి చెప్పు బాగేపల్లి బస్టాండులోనే ఉండిపోయింది. నేను మాత్రం బస్సెక్కి వచ్చేశాను. చాలా దూరం వరకూ నాకా సంగతి తెలియలేదు. కండక్టరు టికెట్ ఇస్తూ నా కాళ్ళ వైపు చూశాడు.

"ఏమప్పా, ఒక కాలే ఊరికి పోతాండాదా? రెండోది ఈడే దిగిపోతాదా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉత్తి పాదాన్ని బస్సు రేకు మీద ఆనించి చూశాను. ఎండాకాలం మధ్యాహ్నం, రేకు కాలిపోతూ ఉండాలి. నాకేమీ తెలియలేదు. పక్కాయన తన పాదం రేకుకు తగిలించి చటుక్కున తీసేసుకోవడం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

అప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో ఒక కచేరీలో గుమాస్తాను. ఫైళ్ళే నడవని చోట గుమాస్తా నడక బాగాలేదని ఎవరు పట్టించుకుంటారు? మోకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ, బురదమడిలో నడిచినట్టు నేను వరండాలో పోతుంటే, 'గుమాస్తాగారు మడి దున్నను పోతాండారు' అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ మధ్య కలం కూడా వేళ్ళలోంచి జారడం మొదలైంది. చొక్కా గుండీలు నా భార్య పెట్టేది. చూసినవాళ్ళు దాన్ని అన్యోన్యం అనుకున్నారు, నేను కాదనలేదు.

ఆ నడక నేను కనిపెట్టింది కాదు. మా నాయన అలాగే నడిచేవాడు. మా నాయనకు అక్క, నాకు అత్త, ఇప్పటికీ అలాగే నడుస్తుంది. పెళ్ళయిన కొన్నేళ్ళకే పుట్టింటికి తిరిగొచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. ఇంటి పెద్దరికమంతా ఆమెదే.

పరగోడు దగ్గర పల్లె మాది. పట్టుపురుగులు మేపే ఇల్లు. పురుగులుండే గదిలోకి ఎవరు పోవాలన్నా గడప ముందరి నల్లబండ మీద కాళ్ళు కడుక్కుని పోవాలి. బయటి మట్టి తగిలితే పురుగుకు రోగం. అందుకని ఆ బండ మీద పొద్దస్తమానం తడి అడుగులు ఉండేవి. ఏది ఎవరి అడుగో పిల్లలం కూడా చెప్పేవాళ్ళం. మా వాళ్ళ అడుగులో మడమ పడుతుంది, వేళ్ళు పడతాయి, నడుమ బండ పొడిగా ఉండిపోతుంది. అరికాలు విల్లులా అంత పైకి లేచి ఉంటుంది.

బిడ్డల్ని మొదటిసారి బడికి పంపే ముందు తడికాళ్ళతో ఆ బండ మీద నిలబెట్టి చూడటం మా ఇంటి ఆచారం. నడుమ పొడిగా కనిపిస్తే, 'మన ఇంటి అడుగే' అని అత్త బెల్లం పంచేది. పురుగులకు ఆ పూట ఆకు ఆ బిడ్డ చేతనే వేయించేది. నిండు పాదం పడితే, 'వాళ్ళమ్మ పుట్టింటి కాలు' అనేవాళ్ళు. నిండు పాదం పడిన మా తమ్ముడు ఆ రోజంతా ఏడ్చాడు. నాకు బెల్లం దొరికింది. బతుకులో నేను మొదటి తరగతిలో పాసైన పరీక్ష అదొక్కటే.

ఇంట్లో అడుగు చూసేవాళ్ళే గాని, ఆ అడుగున్నవాళ్ళే ఎందుకు పడిపోతుంటారని అడిగేవాళ్ళు లేరు. చలికాలం పురుగుల గదిలో వెచ్చదనానికి బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళు. ఒకసారి అత్త రాలిన నిప్పు మీద కాలు పెట్టి, వాసన వచ్చేదాకా అట్లే నిలబడి ఆకు వేసిందట. దాన్ని కూడా మేము ఆమె ఓర్పు కిందే చెప్పుకున్నాం.

చెప్పు పోయిన వారం తరువాత చింతామణిలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన చక్కెర జబ్బనుకున్నాడు. పరీక్షలో అది లేదు. నా పాదాలను చాలాసేపు చూసి, బెంగళూరులో నరాల డాక్టరమ్మకు చీటీ రాసిచ్చాడు. ఆమె కాళ్ళకూ చేతులకూ సన్నగా కరెంటు పెట్టి చూసింది. ఒక చోట తట్టిన కబురు ఇంకో చోటికి చేరడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారట. నా కబుర్లు మా కచేరీ ఫైళ్ళతో పోటీ పడుతున్నాయి. నెత్తురు కూడా తీసి ఎక్కడికో పంపింది. ఫలితం వచ్చాక కన్నడంలో, ఓపికగా, నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది.

నరం లోపల తీగ ఉంటుంది. దాని చుట్టూ ఒక కణం తనను తానే పొరలు పొరలుగా చుట్టుకుని తొడుగవుతుంది. ఆ తొడుగు పేరు మైలిన్. ఆ పొరలను బిగువుగా పట్టి ఉంచే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. తొడుగంటే ఉత్త కప్పు కాదు, లోపలి తీగను బతికించేదీ అదే. చేతుల్లో కాళ్ళలో నరం తెగినా మెల్లగా మళ్ళీ పెరగగలదు. అప్పుడు దానికి దారి చూపించి తీసుకుపోయేవి కూడా ఈ తొడుగు కణాలే. నాకు ఆ ప్రోటీన్లలో ఒకటి కావలసినదానికంటే ఎక్కువ తయారవుతోంది. దాన్ని చేయించే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి రావాలి. నాయన వైపు నుంచి నాకు రెండు వచ్చాయి. అందువల్ల తొడుగు వదులై ఊడిపోతుంది. కణం మళ్ళీ చుడుతుంది, మళ్ళీ ఊడుతుంది. పుస్తకంలో బొమ్మ చూపించింది. కోసిన ఉల్లిగడ్డలా పొర మీద పొర. నడుమ తీగ ఎండిపోయి ఉంది. అన్నింటికంటే పొడుగైన తీగలు పాదాలకు పోయేవి. ముందు పోయేవీ అవే.

పట్టుపురుగు ఒక్కసారే గూడు అల్లుకుంటుంది, విప్పి మళ్ళీ అల్లుకోదు. నా నరాలకు ఆ బుద్ధి లేకపోయింది.

"మందు?" అన్నాను.

"ఇప్పటికి లేదు. పిల్లలున్నారా?"

"ఒక పాప."

సగానికి సగం అవకాశం ఉందని చెప్పిందామె. మందు లేని జబ్బుకు పసిబిడ్డను ఇప్పుడే పరీక్ష చేసి సాధించేదేమీ లేదనీ, తడబడి పడుతూ ఉంటే అప్పుడు తీసుకురమ్మనీ చెప్పింది. అరికాలు అలా పైకి లేవడం చాలామందిలో ఈ జబ్బుకు మొదటి గుర్తట. మా ఇంట్లో దానికి బెల్లం పంచుతారని నేను చెప్పలేదు.

ప్రోటీను అన్న మాట ఒక్కటే బంధువుల దాకా పోయింది. ఉలవలు వచ్చాయి, నాటుకోడి గుడ్లు వచ్చాయి. ఎక్కువైందని చెబితే ఎవరూ నమ్మలేదు. అత్తకు మాత్రం నేనే ఊరికి పోయి చెప్పాను. ఆమె వసారాలో కూర్చుని చిన్న పురుగులకు ఆకు సన్నగా తరుగుతోంది. ముడుచుకుపోయిన వేళ్ళకు కత్తి నిలవక అరచేతుల మధ్య పట్టుకుంది.

"ఎక్కువైందా?" అంది. "గంజి తాగి పెరిగినోళ్ళం రా. మనకి యాడ నుంచి వచ్చె ఎక్కువ?"

"తిండితో వచ్చేది కాదత్తా. పుట్టుకతో వచ్చేది. నాయనకు ఉండింది. నీకూ ఉండాది."

కత్తి ఆగింది. "ఆ బండ మీది అడుగు?"

"అదేనంట."

తరిగిన ఆకును మోచేత్తో పక్కకు నెట్టింది. "అయితే నేను బెల్లం పంచింది..." అని ఆపేసి, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

జూన్‌లో పాప బడికి పోవాలి. ఊరికి పోకుండా తప్పించుకోవచ్చనుకున్నాను. నా భార్యతో, చూస్తే ఒక ధైర్యమైనా ఉంటుందేమో అని కూడా అన్నాను. ఆమె నా చొక్కా గుండీ పెడుతూ చెప్పింది: "చూస్తే నీకు తెలుస్తాది. నీ మొహం చూసి నాకు తెలుస్తాది. మన ఇద్దరి మొహాలూ చూసి దానికి తెలుస్తాది. ఐదేళ్ళ బిడ్డకి ఎందుకిప్పుడు?"

కానీ పాపకు మా తమ్ముడి పిల్లలు అన్నీ చెప్పేశారు. "నా అడుగు చూడాల, నాకు బెల్లం కావాల" అని పట్టుపట్టింది. పట్టుపురుగుల ఇంటి బిడ్డ కదా, పట్టు ఎక్కువే. వెళ్ళక తప్పలేదు.

అత్త బండ పక్కన పీట వేసుకుని కూర్చుంది. బండకు ఇవతలే చెంబుతో పాప కాళ్ళు కడిగింది. బండ మీద నిలబెడుతుందని అందరం చూస్తున్నాం. నా భార్య తల తిప్పుకుంది. అత్త పాపను ఎత్తి తన ఒళ్ళో నిలబెట్టుకుంది. కొంగు తీసి, ఒక్కొక్క వేలూ విడదీసి తుడిచింది. అరికాళ్ళు తుడిచింది. ఆ వేళ్ళతో అంత పని చేయడానికి చాలాసేపు పట్టింది. తరువాత పాపను దించి బండ మీద నిలబెట్టింది.

పాప పక్కకు జరిగి కిందికి చూసింది. బండ మీద ఏమీ లేదు.

"అవ్వా, యాడ నా అడుగు?"

"ఎండకి బండ కాగిపోయుండాది తల్లీ. పడింది పడినట్టే తాగేసింది." అత్త దాని నోట్లో బెల్లం పెట్టింది. "మన ఇంటి బిడ్డ. పోయి పురుగులకి ఆకు ఎయ్యి, పో."

పాప లోపలికి పరుగెత్తింది. నా భార్య దాని వెనకే పోయింది. నేను నిలబడే ఉన్నాను. అప్పుడు కనిపించింది: అత్త తన పాత నీలం చీర మీద, తుడవకముందు పాప తడికాళ్ళతో నిలబడిన చోట, అరచెయ్యి పరిచి పెట్టుకుని కూర్చుంది. చెయ్యి చుట్టూ చీర తడిసి నల్లగా ఉంది.

"ఏమి రా, అట్ల నిలబడినావు? పని లేదా?" అంది, నా వైపు చూడకుండా.

చెయ్యి కింద నడుమ పొడిగా ఉందా అని నోటిదాకా వచ్చింది, అడగలేదు. ఆ తడి ఆరేదాకా అత్త చెయ్యి తియ్యలేదు.