లెక్కల సారు ఇంట్లో నా సంచి

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో సింగపూరు గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. వెళ్లొచ్చాననుకునేరు, అదేం లేదు. అప్పటికి నేను చూసిన దూరదేశం తిరుపతి. డిగ్రీ అయిపోయి మా మామ (అమ్మకు సొంత తమ్ముడు) రంగుల దుకాణంలో బిల్లులు రాస్తుండేదాన్ని. ఆ ఏడు సరుకు బాగా అమ్మాడని కంపెనీవాళ్లు మామకు మూడు రోజుల సింగపూరు ప్రయాణం బహుమతిగా ఇచ్చారు, ఇద్దరికి. అత్తకు విమానం పేరెత్తితేనే కళ్లు తిరుగుతాయి కాబట్టి రెండో టిక్కెట్టు నా ఒళ్లో పడింది. రెండు రోజులు మీటింగులు, భోజనాలు. మూడో రోజు ఒక్క పూట అక్కడి పెద్ద థీమ్ పార్కు. నాకు కావలసింది ఆ పూటే. తక్కిన సింగపూరును ఎవరికి దానమిచ్చినా నాకు బాధ లేదు.

పార్కు మ్యాపును ఫోన్లో చూసి చూసి, పాత బిల్లు పుస్తకం వెనక పెన్సిలుతో దించాను. గేటు దాటగానే ఎడమకు తిరగాలి, చెరువు చుట్టి పోవాలి, మొదట నీళ్లలోకి దూకే పడవ, ఆ తర్వాత మనుషుల్ని తలకిందులు చేసే ఎర్ర రైలు. ఆ రైలు మీదే నా ప్రాణమంతా. ఆ ధ్యాసలో పెద్దముడియం రైతు ఒకాయన గోడలకు నీలం అడిగితే ఎర్ర రంగు రాసిచ్చాను. పాపం, ఆయన డబ్బాలు ఊరిదాకా మోసుకెళ్లి మళ్లీ మోసుకొచ్చాడు. మామ నన్ను తిట్టే స్థితిలో లేడు, తన పరిస్థితీ అంతంత మాత్రమే. రైలుకు ఒళ్లు అలవాటు కావాలని పొద్దున్నే మిద్దె మీద గిరగిరా తిరిగి, నీళ్ల ట్యాంకు పట్టుకుని నిలబడేవాడు. బెల్టు తన పొట్టకు పడుతుందా అని రోజూ నన్నే అడిగేవాడు, ఆ బెల్టు నేనే కుట్టినట్టు.

శనివారం మధ్యాహ్నం కారులో చెన్నైకి బయల్దేరి, రాత్రి విమానం ఎక్కాలి. శనివారం తూర్పుకు పోతే శూల అని మా అవ్వ (మామ తల్లి, ఇంట్లో పంచాంగమంతా ఆమెదే) అడ్డం పడింది. విమానాన్ని ఒక రోజు జరపమని మామకు చెప్పింది కూడా. విమానం జరగదని తేలాక తనే ఉపాయం చెప్పింది. ముందే మంచి ఘడియ చూసి, ప్రయాణపు సంచి ఒకటి తూర్పు దిక్కున ఎవరింట్లోనైనా పెట్టి వస్తే మనం బయల్దేరినట్టే లెక్క. దాన్నే ప్రస్థానం పెట్టడమంటారు. తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు, పోతూ పోతూ సంచి తీసుకుపోవాలి. సరేనని గురువారం పొద్దున ఒక గుడ్డసంచిలో రెండు జతల బట్టలు, దారిలో తినడానికి నిప్పట్ల డబ్బా సర్దాను. అవ్వ సంచి తడిమి చూసి పెదవి విరిచింది.

"గుడ్డలు యాడైనా దొరుకుతాయి పాపా. ఏది లేకుంటే నీ అడుగు ముందుకు పడదో అది పెట్టాల. అప్పుడే ప్రయాణం గట్టిపడేది."

నేను ఆలోచించాను. (దాన్ని ఆలోచన అనడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.) పోవాలని ప్రాణం అంతగా కొట్టుకుంటుంటే, ప్రయాణం గట్టిపడుతుందంటే వద్దనేదెవరు? నా మ్యాపు, మా ఇద్దరి పాస్‌పోర్టులు సంచిలో వేసి, తూర్పు పక్కింట్లో ఉండే లెక్కల సారుకు అప్పగించాను. శానా ముఖ్యమైనదని, భద్రమని రెండుసార్లు చెప్పాను. ఆ రెండోసారి చెప్పకుండా ఉండాల్సింది.

శనివారం కొబ్బరికాయ కొట్టి, కారెక్కి, కొత్త టోపీతో సారు ఇంటి ముందు దిగితే తలుపుకు తాళం! పులివెందులలో మనవరాలికి పేరు పెడుతున్నారని సారు పొద్దున్నే పోయాడని ఎదురింటామె చెప్పింది. ఫోన్ మోగుతోంది గానీ ఎత్తేవాళ్లు లేరు. పోదామంటే ఆయన కూతురి ఇల్లు పులివెందులలో ఎక్కడో ఎవరికీ తెలియదు. తాళం పగలగొడదామని మామ రాయి వెతికాడు. ప్రస్థానం పెట్టిన ఇంటి తాళం పగిలితే అంతకంటే అపశకునం లేదని అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. నాలుగు దాటాక సారు ఫోనెత్తాడు.

"సంచి ఆడ లేదప్పా. శానా ముఖ్యమని పాప రెండు తూర్లు చెప్పె గదా, కాలీ ఇంట్లో ఎట్ల ఇడిసేదని నాతోనే తెచ్చుకుంటి. నా ఒళ్లోనే ఉండాది."

ఆయన బస్సు పట్టుకుని వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది, ఇక చెన్నైలో విమానం అందే దారి లేదు. సంచిలో ఏమున్నాయో విని నాకంటే ముందు ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. నేను టోపీ తీయలేదు, తీస్తే ఏడుస్తానని. టోపీతోనే ఏడ్చాను. సంచి తీసుకుని మా ఇంట్లోకి అడుగు పెట్టబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది.

"పోకుండా సంచి ఇంట్లోకి తేగూడదు పాపా. తెస్తే ఇంగ ఆ ప్రయాణం లేనట్టే. ఆడనే పెట్టు."

పాస్‌పోర్టులు మాత్రం తీసుకుని (సర్కారు కాగితాలకు శాస్త్రం లేదని అవ్వే తీర్పు చెప్పింది), మ్యాపుతో సహా సంచిని మళ్లీ సారు చేతిలో పెట్టాను. మరుసటి ఏడు కంపెనీవాళ్లు గ్రైండరు ఇచ్చారు. తర్వాత నాకు పెళ్లయింది, జమ్మలమడుగు వచ్చాను, పిల్లలు పుట్టారు, మామకు మోకాళ్ల నొప్పులొచ్చాయి, అవ్వ పోయింది. ఆ ఎర్ర రైలును కూడా తీసేసి కొత్తదేదో పెట్టారని ఒకరోజు ఫోన్లో చూశాను. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

మొన్న లెక్కల సారు ఫోన్ చేశాడు. ఇంటికి రంగులు వేయిస్తున్నాడట, అటక ఖాళీ చేస్తున్నాడట. నిప్పట్లు ఆ ఏడే తినేశానని ఒప్పుకుని, సంచి మామ ఇంటికి పంపించేదా అని అడిగాడు.

"వద్దు సార్, ఆడనే ఉండనీండి," అన్నాను. "నేను బయల్దేరినా గదా."

ఫోన్ పెట్టేశాక నాకే నవ్వొచ్చింది. మా వాడి నోటుపుస్తకం వెనక పేజీ తిప్పి, పెన్సిలు తీసుకున్నాను. గేటు, ఎడమకు, చెరువు చుట్టి, పడవ దాటి. ఎర్ర రైలు దాకా ఒక్క తప్పు లేకుండా వచ్చింది.